ఆవు పేర ఆస్తి రాయవచ్చునా?



ఇంట్లో పెద్దవాళ్ళు బ్రతికి ఉండగా ఆస్తి పంపకం గురించి మాట్లాడితే అశుభం అంటాం. వాళ్ళు పోయాక మాట్లాడితే తగాదా అవుతుంది. ఈ రెంటికీ మధ్య ఎప్పుడో తీరిక చూసుకొని చెయ్యవలసిన పని వీలునామా రాయడం. మన కోయంబత్తూరు, తిరుప్పూరు వైపు తెలుగు ఇళ్ళలో వీలునామా అనే మాట తక్కువ. తమిళంలో అందరూ అన్నట్టే మనమూ 'ఉయిలు' అంటాం. 'తాత ఉయిలు రాసిపెట్టి పోయినాడు' అంటాం. ఈనాటి ప్రసంగం ఆ ఉయిల్లో ఒక చిన్న భాగం గురించి. నోరులేని జీవాలకు ఏదైనా విడిచిపెట్టి పోవాలనుకునేవారు దాన్ని ఎలా రాయాలి, ఎలా రాస్తే నిలుస్తుంది అన్నది విషయం.

ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది మా అవినాశిలో ఒక అవ్వ. "వాధ్యారూ, నాకున్నదల్లా ఈ చిన్న ఇల్లు, బ్యాంకులో కొంచెం రొక్కం, ఈ ఆవు. కొడుకు తిరుప్పూరులో బనియన్ కంపెనీకి పోతాడు. నేను కన్ను మూస్తే ఆవును మరుసటి సంతకే తోలేస్తాడు. వాడిదీ తప్పు కాదు, ఒక గది ఇంట్లో ఆవునెక్కడ కడతాడు? బ్యాంకు రొక్కం ఆవు పేర రాస్తే కుదురుతుందా?" అన్నది.

కుదరదు. మన చట్టంలో ఆవే ఒక ఆస్తి. ఆస్తి మరొక ఆస్తికి యజమాని కాలేదు. ఇందులో ఒక తమాషా ఉంది. గుడిలో ప్రతిష్ఠ చేసిన దేవుడు చట్టం దృష్టిలో ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి. అవినాశిలింగేశ్వరుడి పేర పొలం ఉండవచ్చు, దావా వెయ్యవచ్చు. ఆయన ఎదుట కూర్చున్న నంది బ్రతికిన ఎద్దు అయితే మాత్రం దానికి గడ్డివామి కూడా సొంతం కాదు. కొన్ని హైకోర్టులు జంతువులను చట్టపరమైన వ్యక్తులుగా చూడాలని 2018, 2019 సంవత్సరాలలో తీర్పులు ఇచ్చిన మాట నిజమే. కానీ 2023 మే నెలలో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగం జంతువులకు ప్రాథమిక హక్కులు ఇచ్చినట్టు చెప్పలేమన్నది. కనుక ఆవు పేర, కుక్క పేర నేరుగా డబ్బు రాసిన కాగితం కాగితంగానే మిగులుతుంది.

అమెరికాలో అలా రాసిన ఒక కోటీశ్వరురాలి కథ మీరు వినే ఉంటారు. హోటళ్ళ యజమానురాలు లియోనా హెల్మ్స్‌లీ 2007లో చనిపోతూ 'ట్రబుల్' అనే తన కుక్క పోషణకు 1 కోటి 20 లక్షల డాలర్లు ట్రస్టుగా పెట్టింది. మనుమలలో ఇద్దరికి చిల్లిగవ్వ రాయలేదు. మరుసటి ఏడాది న్యాయమూర్తి కుక్కకు 20 లక్షలు చాలునన్నారు. లోకం నవ్వింది. మన దేశంలో 2024 అక్టోబరులో కన్నుమూసిన రతన్ టాటా కూడా తన కుక్క 'టిటో'ను మరిచిపోలేదు. అయితే ఆయన దాన్ని చాలాకాలంగా తనవద్ద ఉన్న వంటమనిషి సంరక్షణలో పెట్టినట్టు పత్రికలలో వచ్చింది. ఈ రెండింటిలో మనకు పనికొచ్చే దారి రెండవది. డబ్బు ఎంత అన్నదానికన్నా చెయ్యి ఎవరిది అన్నది ముఖ్యం.

అంటే జంతువుకు మేలు చెయ్యదలచినవారు మనిషికి గానీ సంస్థకు గానీ రాయాలి. ఆ అవ్వ సంగతే తీసుకుంటే, ఆవును బాగా చూసుకునే పక్క తోట మనిషికి ఆవునూ, దాని మేతకు కొంత రొక్కాన్నీ కలిపి రాయవచ్చు. లేదా ఇలాంటి ఆవులను చేర్చుకునే సంస్థ ఏదైనా ఉంటే దానికి రాయవచ్చు. తన ఆవు ఒక్కటే కాదు, ఊళ్ళో దిక్కులేని పశువులన్నిటికీ ఏదో ఒకటి మిగలాలి అనుకునేవారికి సంస్థే మార్గం.

ఇది మనకు పరాయి దేశపు ఆలోచన అనుకోకండి. కొంగునాట పెద్దలు లెక్కపెట్టే 32 ధర్మాలలో పశువుకు ఒక నోటి మేత పెట్టడం ఒకటి, జంతువులకు తిండి పెట్టడం ఒకటి. 'ఆవురింజుక్కల్' నాటడం మరొకటి. అంటే దురద పుట్టిన పశువు వచ్చి ఒళ్ళు రుద్దుకోవడానికి మేతబీడులోనో చెరువు గట్టునో నాటే రాయి. ఒళ్ళు గోక్కోవడానికి చేతులు లేవు గదా అని ఒక రాయి పాతిపెట్టిన మనిషి ఎవరో, నాకు ఆయన మీద చాలా గౌరవం.

చోళుల కాలపు శాసనాలలో ఇంకో ఏర్పాటు కనిపిస్తుంది. గుడిలో నందాదీపానికి 90 గానీ 96 గానీ గొర్రెలు దానం చేసేవారు. వాటిని 'చావా మూవా పేరాడు' అన్నారు. చావనివి, ముసలివి కానివి అని అర్థం. మూవా అన్న మాటకు అర్థం చెప్పుకోవాలి గానీ, చావా అన్నది తెలుగువాడికి విడమరచి చెప్పనక్కరలేదు. గొర్రెలు చావకుండా ఎలా ఉంటాయి? మంద తీసుకున్న గొల్లవాడు చచ్చినదాని స్థానంలో పుట్టినదాన్ని చేర్చి ఎప్పుడూ అదే లెక్క నిలపాలి, కొలత ప్రకారం నెయ్యి పోయాలి. ఇప్పుడు బ్యాంకు భాషలో మూలధనం అంటున్నది ఇదే. అసలు కదలకూడదు, దాని మీద వచ్చేది మాత్రం ఖర్చు పెట్టాలి.

మన తెలుగువారి చరిత్రలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పీళమేడు పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని పంచుకున్నప్పుడు నాలుగు భాగాలు చెయ్యలేదు, ఐదు చేశారు. ఐదవ భాగం ధర్మానికి. అదే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. అక్కడి బళ్ళు, కాలేజీలు, ఆసుపత్రి మనందరికీ తెలుసు. అది విద్యకూ వైద్యానికీ వెళ్ళిన ధర్మం, జంతువులకు కాదు. కానీ పద్ధతి గమనించండి. ధర్మాన్ని కూడా ఇంట్లో ఒక కొడుకులాగా లెక్కవేసి ఒక వంతు పెట్టారు. మిగతా నలుగురి నోటి కూడు తీసి పెట్టలేదు. మూగజీవాలకు రాయదలచినవారికి నేను చెప్పేది కూడా ఇదే పద్ధతి. ఐదవ వంతు అక్కరలేదు, ఇరవయ్యో వంతు చాలు. కొడుకు మీద కోపంతో మొత్తం కుక్కలకు రాసేస్తాననే పెద్దలను ఇద్దరు ముగ్గురిని చూశాను. అది కోపమే గాని కుక్కల మీద ప్రేమ కాదు. అలాంటి వీలునామాలే కోర్టుకెక్కి, వకీళ్ళకు తప్ప ఎవరికీ అందకుండా పోతాయి.

ఇక రాసే పద్ధతికి వద్దాం. వీలునామాకు స్టాంపు పేపరు అక్కరలేదు, తెల్లకాగితం చాలు. మైనరు కాని, బుద్ధి స్థిమితం ఉన్న ఎవరైనా రాయవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం రాసినవారు సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ ఇద్దరూ రాసినవారు సంతకం పెట్టడం చూసి, ఆయన ఎదుటే తమ సంతకాలు చెయ్యాలి. లేదా 'ఇది నా సంతకమే' అని ఆయన నోటితో చెప్పగా విని అయినా చెయ్యాలి. దానం అందుకునే సంస్థవారినీ, ఆస్తి అందుకునే బంధువులనూ సాక్షులుగా పెట్టకండి. తరువాత అనుమానానికి అదే మొదటి కారణం అవుతుంది. సాక్షులు మీకన్నా చిన్నవాళ్ళయితే మంచిది. రేపు కోర్టులో ఒక్క సాక్షి అయినా నిలబడి చెప్పవలసి రావచ్చు.

రిజిస్టరు చెయ్యడం తప్పనిసరి కాదు. అయినా చెయ్యడమే మేలంటాను. ఇక్కడ మనలాంటివాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది తమిళం. తెలుగు లిపి చదవగలిగిన పెద్దలు మన ఊళ్ళలో ఎంతమంది? భాషాభిమానంతో వీలునామా తెలుగులో రాయించారనుకోండి, చట్టం తప్పు పట్టదు. కానీ రిజిస్ట్రారుకు తెలియని, ఆ జిల్లాలో వాడుకలో లేని భాష అయితే సరైన అనువాదం జతపరచమంటారు. రేపు కోర్టులోనూ అంతే. అందుకని తమిళంలో రాయించి, 'ఇందులోని ప్రతి వాక్యం నాకు తెలుగులో చదివి వివరించారు, అర్థం చేసుకొని సంతకం చేస్తున్నాను' అనే వాక్యం చేర్చండి. నిజంగానే చదివించుకోండి కూడా. భాషాభిమానం చూపించడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

ఎంత రాయాలి అన్నదానికన్నా ఏ రూపంలో రాయాలి అన్నది చాలామంది ఆలోచించరు. '10 వేల రూపాయలు ఇవ్వవలెను' అని 1990లో రాసినవారి 10 వేలకు ఈనాడు ఎంత మేత వస్తుందో లెక్క చూడండి. రొక్కం కరిగిపోతుంది. ఫలానా పొలం అని రాస్తే ఇంకో ఇబ్బంది. జబ్బు ఖర్చుకో మనుమరాలి పెళ్ళికో ఆ పొలాన్ని మీరే అమ్మవలసి వస్తే వీలునామాలోని ఆ దానం అక్కడితో రద్దవుతుంది. అందుకని అప్పులూ, అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలినదానిలో ఇన్నో వంతు అని రాయడం అన్నిటికన్నా క్షేమం. ఆస్తి పెరిగితే ఆ వంతూ పెరుగుతుంది, తరిగితే తరుగుతుంది, పిల్లలకు అన్యాయం జరగదు.

పొలమే ఇవ్వాలనుకుంటే సర్వే నంబరు, పట్టా, విల్లంగ సర్టిఫికెట్టు సరిచూసుకోండి. కాంగేయం పక్కన కొరంగాళ్ళు చూసే ఉంటారు. కిలువ ముళ్ళకంచె మధ్య తెల్లతుమ్మ చెట్లు, కొళుక్కట్టై గడ్డి పెరిగే మేతబీళ్ళు. కాంగేయం పశువు ఆ బీళ్ళ మీద బ్రతికిన జాతి. ఒక కొరంగాడును ఎప్పటికీ మేతబీడుగానే ఉంచాలని ఎవరైనా రాస్తే దానికన్నా మంచి దానం నాకు తోచదు. కానీ సంస్థకు పూర్తి హక్కు ఇచ్చేసి, కింద 'అమ్మకూడదు, ప్లాట్లు వెయ్యకూడదు' అని ఒక వాక్యం తగిలిస్తే అది నిలబడుతుందని నమ్మకండి. దాన్ని ధర్మ ట్రస్టుగా రాయించాలి. ఇది వకీలు పని.

పిత్రార్జితం గురించి ఒక మాట. ఉమ్మడి ఆస్తిలో మీ వంతు వరకే మీరు రాయగలరు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షను అంతవరకు అధికారం ఇస్తుంది. కూతుళ్ళకు తమిళనాడులో 1989లోనూ, దేశమంతటా 2005లోనూ కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది కనుక ఆ లెక్క చూసుకొనే మీ వంతు ఎంతో తేల్చుకోవాలి. ముస్లిం శ్రోతలకైతే వారసుల సమ్మతి లేకుండా మూడవ వంతుకు మించి రాసే వీలు లేదు. క్రైస్తవులకు ఒకప్పుడు పెద్ద అడ్డంకి ఉండేది. దగ్గరి బంధువులున్నవారు ధర్మకార్యానికి ఆస్తి రాస్తే, రాసి ఏడాది దాటాక చనిపోతేనే అది చెల్లేది. 118వ సెక్షను అది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. పాత భయంతో ఇంకా వెనుకాడేవారు ఉంటే వారికి ఈ సంగతి తెలియాలి.

బ్యాంకు నామినీ పేరు రాశాం గదా, ఇంకెందుకు వీలునామా అంటారు కొందరు. నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, దాని హక్కుదారు ఎవరన్నది వీలునామానో వారసత్వ చట్టమో చెబుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. ఎవరికి రాయాలి? 'జంతు సంరక్షణ సంఘానికి' అని మాత్రం రాస్తే ఏ సంఘం? ఒకే పేరుతో నాలుగు ఊళ్ళలో నాలుగు సంస్థలు ఉంటాయి. బ్లూ క్రాస్ అనే పేరే చూడండి. చెన్నైలో కెప్టెన్ సుందరం 1959లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా ఒకటి. 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వేరొకటి. ఇంగ్లండులో బ్లూ క్రాస్ ఇంకొకటి. రిజిస్టరు అయిన పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా రాయాలి. 'ఆ సంస్థ అప్పటికి లేకపోయినా, ఇందులో కలిసిపోయినా ఈ రెండవ సంస్థకు' అని మరొక పేరు కూడా చేర్చాలి. మనుషుల్లాగే సంస్థలూ చచ్చిపోతాయి.

రాసేముందు ఒక్కసారి వెళ్ళి చూడండి. ముందుగా చెప్పకుండా వెళ్ళడం ఇంకా మంచిది. తొట్టిలో నీళ్ళు ఉన్నాయా, జబ్బువాటిని విడిగా కట్టారా, పశువైద్యుడు ఎన్నాళ్ళకు వస్తాడు, లెక్కలు ఆడిట్ అవుతున్నాయా అడగండి. భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉందా అడగండి. మదురైలో పుట్టిన రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదలతో 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది, 1962లో ఏర్పడిన ఆ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలు. ఫోటోలకు పూలదండలు ఎక్కువగా ఉండి పశువుల పక్కటెముకలు కనిపించే చోటికి ఒక్క రూపాయి కూడా రాయకండి.

ఈ ప్రసంగం వింటూ కొందరు రైతులు మనసులో తిట్టుకుంటూ ఉంటారని తెలుసు. కాంగేయం, వెళ్ళకోవిల్ వైపు వీధికుక్కలు పట్టిలో దూరి గొర్రెలను చంపుతున్నాయని 2024, 2025 సంవత్సరాలలో రైతులు నిరసనలు చేసి పరిహారం అడిగారు. ఒక రాత్రిలో పది గొర్రెలు పోగొట్టుకున్నవాడికి 'కుక్కలకు ఆస్తి రాయండి' అనే మాట ఎలా ఉంటుంది? వారానికి మేకలు పెంచుకునే అరుంధతీయుల ఇంట్లో ఆ నష్టం ఇంకా పెద్దది. నా అభిప్రాయం చెబుతాను. వీధికుక్కకు రోజూ అన్నం పెట్టడానికి డబ్బు రాయడం కన్నా, వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకూ, రేబిస్ టీకాలకూ అని ప్రత్యేకించి రాయడం మేలు. 2023 నాటి నిబంధనలు ఈ పనిని స్థానిక సంస్థల మీద పెట్టాయి, మండలి గుర్తించిన సంస్థలే దాన్ని చెయ్యాలి. కుక్కకూ, గొర్రెకూ, బడికి నడిచిపోయే పిల్లవాడికీ ముగ్గురికీ పనికొచ్చే దానం అది. ప్రయోజనం పేరు రాసేటప్పుడు మరీ ఇరుకుగా మాత్రం రాయకండి. 'ఎద్దు కాళ్ళకు నాడాలు వేయించుటకు' అని రాస్తే, ఎద్దుబళ్ళే లేని రోజున ఆ డబ్బు ఏం కావాలి?

సంస్థవారికి ముందుగా చెప్పడం కూడా అవసరమే. ఇంగ్లండులో ఎలిజబెత్ స్వెండ్‌సెన్ అనే ఆమె 1969లో గాడిదలకు ఒక ఆశ్రయం మొదలుపెట్టింది. 1974లో వయొలెట్ ఫిల్పిన్ అనే మరొక ఆమె చనిపోతూ తన దగ్గరున్న 204 గాడిదలను ఈమెకు రాసి పోయింది. డబ్బు రాస్తే బ్యాంకులో వేస్తారు, 204 గాడిదలను ఎక్కడ వేస్తారు? ఆమె నిలదొక్కుకుంది, ఆ ఆశ్రయం ప్రపంచంలోనే పెద్ద సంస్థ అయింది. అందరూ అలా నిలదొక్కుకోలేరు. ప్రాణమున్న వాటిని రాసేటప్పుడు తీసుకునేవారి సమ్మతి ముందే తీసుకోవాలి.

మన దేశంలో ఆస్తి మీద మరణానంతర పన్ను 1985లోనే పోయింది. ఇంగ్లండులో ధర్మానికి రాస్తే పన్ను తగ్గుతుంది, అక్కడి జంతు సంస్థలకు వచ్చే ఆదాయంలో పెద్ద భాగం వీలునామాల నుంచే. ఇక్కడ అలాంటి లాభం ఏమీ లేదు. కనుక మీ పిల్లలకు ఒక ప్రశ్న వస్తుంది: 'నాన్న ఎందుకిలా రాశాడు?' ఆ జవాబు మీరే బ్రతికుండగా చెప్పండి. చెప్పకుండా దాచిన దానమే వాళ్ళకు మోసంలా కనిపిస్తుంది. రాయించేవేళ సంస్థ మనిషి పక్కన కూర్చుని ఉంటే ఆ అనుమానానికి బలం వస్తుంది. అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించే భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది.

అన్నీ చెప్పి ముఖ్యమైనది మరిచిపోకూడదు. వీలునామా ఎప్పుడు తెరుస్తారు? పెద్దకర్మ అయ్యాక. ఆవుకు ఆకలి వేసేది మొదటి రోజు సాయంత్రం. ఇల్లంతా ఏడుపులతో ఉన్నప్పుడు కొట్టంలో పలుపుకు కట్టిన పశువుకు నీళ్ళు పెట్టేవారుండరు. ఆ పది రోజుల ఏర్పాటు వీలునామాలో రాసి లాభం లేదు. ఒక విడి కాగితం మీద దాని మేత ఏమిటి, పాలు ఎప్పుడు పిండాలి, పశువైద్యుడు ఎవరు అని రాసి, పక్కింటివారికో మేనల్లుడికో ఇచ్చి, కొంచెం రొక్కం ముందే చేతిలో పెట్టండి. దానికి సాక్షులూ అక్కరలేదు, రిజిస్ట్రారూ అక్కరలేదు.

వీలునామాను అమలు చేసే మనిషిని, అంటే ఎగ్జిక్యూటరును, అందులోనే పేరు పెట్టి చెప్పండి. అసలు కాగితం ఎక్కడుందో ఆయనకు తెలియాలి. ఇంట్లో ఉంచడానికి భయమైతే కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు, తేదీ వారీగా ఆఖరిదే చెల్లుతుంది. చిన్న మార్పుకైనా అవే సంతకాలు, అదే ఇద్దరు సాక్షుల పద్ధతి. కొట్టివేతలూ దిద్దుబాట్లూ పనికిరావు. మొసలి మింగిన పిల్లవాడు సుందరమూర్తి నాయనారు పాటకు తిరిగి వచ్చాడని చెప్పుకునే ఊరు మాది. అలాంటి అవినాశిలో కూడా పోయినవాడు తిరిగి వచ్చి తన వీలునామాను దిద్దినట్టు ఎవరూ చెప్పగా నేను వినలేదు.